ఎడమ బూటుకు కుడి బూటుతో ఏం పని?

అయ్యలారా, అమ్మలారా! బూట్లను జతగా అమ్మడమంత మోటు పని ఈ లోకంలో ఇంకోటి లేదు!

కంగారు పడకండి. ఇది నా బుర్రలో పుట్టిన మాట కాదు. నాకంత బుర్రే ఉంటే ఎనిమిదో తరగతిలో బడి మానేసి, అప్పట్నుంచీ బూట్ల షాపులో వాలు స్టూలు ముందు మోకాళ్ల మీద కూర్చుని, ముక్కూమొహం తెలియనివాళ్ల పాదాలు ఒళ్లో పెట్టుకుంటూ ఎందుకుంటాను? ఇది మా హెడ్డాఫీసు కనిపెట్టిన సత్యం. అక్కడున్నవాళ్లంతా మహా చదువరులు. వాళ్ల మెడలో తాడు, తాడుకి కార్డు, కార్డు మీద ఫొటో, ఫొటోలో చిరునవ్వు. నా మెడలో ఏముంది? నొప్పి.

ఈమధ్య మేధావుల మధ్య పెద్ద తగువు నడుస్తోందట. పెద్ద పనిని చిన్న చిన్న ముక్కలు చెయ్యి, ఒక్కో ముక్కకి ఒక్కటే పని ఇవ్వు, ఒక ముక్క ఇంకో ముక్క జోలికి పోకుండా చూడు. ఇదీ సూత్రం. ఆ ముక్కనే మాడ్యూల్ అంటారు. చిన్న ప్రోగ్రాంలు రాసుకునే రోజుల్లో పుట్టిన ఈ సూత్రం ఇప్పటి కొండంత సాఫ్ట్‌వేర్‌లకి ఇంకా పనికొస్తుందా, రాదా? అదీ తగువు.

పనికిరాదనేవాళ్లు ఒక్కసారి నా చేతికి చిక్కితే బాగుండు! మా షాపుకి తీసుకొచ్చి, స్టూలు మీద కూర్చోబెట్టి, కాలికి నున్నటి ఎడమ బూటు తొడిగి, లేసు బిగించి, "ఇప్పుడు చెప్పండి సార్, ఎలా ఉంది?" అని అడుగుతాను. బ్రహ్మాండంగా ఉందంటారు. ఉండకేం చేస్తుంది! కుడి బూటు గురించి మాత్రం నన్నడక్కండి. అది వేరే టీమ్.

మా కంపెనీ ఈ స్వర్గానికి ఎలా చేరిందో మొదట్నుంచీ చెబుతాను. కూర్చోండి. కాళ్లు చాపండి. అలవాటు కొద్దీ అన్నాను, చాపకపోయినా ఫర్వాలేదు.

పూర్వం మా షాపులన్నిటికీ కలిపి ఒకే ఒక ముద్ద ప్రోగ్రాం ఉండేది. మేం దాన్ని 'ముసలాయన' అనేవాళ్లం. ముసలాయనలో అన్నీ ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉండేవి. రబ్బరు చెప్పుల మీద డిస్కౌంటు మారిస్తే స్టాఫు హాజరు చెరిగిపోయేది. ఒకసారి సాక్సుల పేజీలో అచ్చుతప్పు దిద్దారు. దాంతో మా మేనేజరు గారు ఆడవాళ్ల శాండిల్స్ విభాగంలో సరుకుగా నమోదైపోయారు. సైజు తొమ్మిది, రంగు గోధుమ. పండగ సీజనంతా అలాగే ఉన్నారు. సగం ధరకి పెట్టినా ఎవరూ కొనలేదు. ఆ అవమానంతో ఆయన ఇప్పటికీ ఆడవాళ్ల సెక్షన్ వైపు తలెత్తి చూడరు.

కాబట్టి ముద్దని ముక్కలు చెయ్యాలన్నది న్యాయమే. ఆ ముక్కలు చేసే పని మీద హెడ్డాఫీసు నుంచి ఒకాయన దిగాడు. చేతిలో ఎప్పుడూ మార్కరు పెన్ను. రాయడానికి గోడ దొరక్కపోతే ఊపిరాడదు ఆయనకి. మేం మార్కరు బాబు అని పేరు పెట్టుకున్నాం. మా షాపులో నేలకి ఆనించి, బూట్లు చూసుకోవడానికి పొట్టి అద్దం ఒకటి ఉంటుంది. దాని ముందు గొంతుక్కూర్చుని, దాని మీదే డబ్బాలు గీశాడు. ఆ గీతలు స్పిరిట్ పెట్టి తుడిచినా పోలేదు. అప్పట్నుంచీ మా కస్టమర్ల పాదాలు అద్దంలో చెరో డబ్బాలో కనిపిస్తాయి.

"ఈ రెండింటికీ ఒకటే నంబరు ఎందుకిచ్చారు?" అని అడిగాడు ఒక జత చూపించి.

"జత కదండీ."

ఆయన నా వంక జాలిగా చూశాడు. "జత అంటే ఏంటి? కప్లింగ్! సిస్టమ్‌లో కప్లింగ్, అంటే ఒకటి ఇంకోదానికి అతుక్కుని ఉండడం, ఒక జబ్బు. మీరే చెప్పండి, ఎడమ బూటు ఎప్పుడైనా కుడి కాలికి పట్టిందా?"

"లేదండీ."

"కుడి బూటు చిరిగితే ఎడమ బూటుకి నొప్పి పుడుతుందా?"

"పుట్టదండీ."

"మరింకేం?"

మరింకేం! మీ దగ్గరుందా సమాధానం?  ఇన్నేళ్లూ రెండు వేర్వేరు ప్రాణులని ఒకే అట్టపెట్టెలో కుక్కి పాపం మూటగట్టుకున్నానా అని మనసు అదోలా అయిపోయింది.

అంతే. హెడ్డాఫీసులో మూడో అంతస్తులో ఎడమ టీమ్, ఏడో అంతస్తులో కుడి టీమ్ వెలిశాయి. వేర్వేరు లిఫ్టులు, వేర్వేరు కాఫీ మెషీన్లు. ఎడమవాళ్లకి ఎడమ బూటు డిజైను, తయారీ, సరఫరా. కుడివాళ్లకి కుడిది. ఒకళ్ల పనిలో ఒకళ్లు వేలు పెట్టకూడదు. ఏదైనా కావాలంటే మధ్యలో ఇంటర్‌ఫేస్ అని ఒక కిటికీ ఉంటుంది, అందులోంచి అడగాలి. ఏం అడగొచ్చో ముందే రాసిపెట్టారు. 'నువ్వు బూటువేనా?' అని అడగొచ్చు. 'అవును' అని జవాబొస్తుంది. అంతకు మించి అడగడం అమర్యాద.

ఆ వెంటనే షాపులకి ఆర్డరు వచ్చింది: ముడులు విప్పండి!

మీకు తెలియకపోవచ్చు. మా వృత్తిలో చేరిన రోజే నేర్పే మొదటి పాఠం, డబ్బాలోంచి తీసిన జతని ఎడమ లేసూ కుడి లేసూ కలిపి ముడేసి పెట్టడం. మొదట సాదా ముడి, దాని మీద సగం ఉచ్చు. గుంజితే బిగుసుకుంటుంది, కొస లాగితే జారిపోతుంది. కస్టమరు పది జతలు విప్పించి నేలంతా పరిచి, "మళ్లీ వస్తాం" అని వెళ్లిపోయినా సరే, ఏది దేని తోడో వెతుక్కోనక్కర్లేదు. ఆ ముడులన్నీ నా చేత్తోనే విప్పించారు. విప్పుతుంటే ఎంత హాయిగా ఉందనుకున్నారు! ఎవరికో విడాకులు ఇప్పిస్తున్నట్టుగా ఉంది.

ఇక ప్రగతి చూడండి! ఎడమ టీమ్ చురుకైనవాళ్లు. నల్ల రంగుని ఇంకా నల్లగా చేశారు. కుడి టీమ్ ఆలోచనాపరులు. నలుపు పాతబడిందని కాఫీ రంగులోకి వెళ్లారు. ఎడమవాళ్లు సన్నటి మొన పెట్టారు. కుడివాళ్లు కస్టమర్లని అడిగి, మడమ దగ్గర అట్ట పొరలు పెంచి హీలు ఎత్తు చేశారు. ఎవరి బూటు వాళ్లకి పరీక్షలో నూటికి నూరు! ఆఫీసులో పెద్ద తెర మీద అన్నీ ఆకుపచ్చ దీపాలే. ఎర్ర దీపం ఎలా ఉంటుందో చూద్దామన్నా ఒక్కటి కనపడదు.

కస్టమర్ల ఆనందం గురించి చెప్పాలా? ఒక భార్యాభర్తల జంట వచ్చింది. ఇద్దరిదీ ఒకటే సైజు. ఆ వారం ఎడమవి కుప్పలుగా ఉన్నాయి, కుడివి రెండే మిగిలాయి, ఆ రెండూ రెండు రంగులు. ఆయన ఎడమది తొడుక్కున్నాడు, ఆవిడ కుడిది తొడుక్కుంది. ఒకళ్ల భుజం ఒకళ్లు పట్టుకుని గెంతుకుంటూ వెళ్లారు. అంత అన్యోన్యమైన జంటని నేను ఈమధ్య చూడలేదు. పాత పద్ధతిలో అయితే చెరో జతా వేసుకుని, ఆయన ముందు, ఆవిడ వెనక, ఎడమొహం పెడమొహంగా పోయేవాళ్లు కాదూ?

ఈ సూత్రం మీద గురి కుదిరి నేను ఇంట్లో కూడా అమలు చేశాను. "ఏమోయ్, ఇవాళ్టి నుంచి కూర నీ మాడ్యూల్, ఉప్పు నా మాడ్యూల్" అని మా ఆవిడకి చెప్పాను. ఆ పూట కూర అద్భుతంగా ఉడికింది. ఉప్పు కూడా అద్భుతంగా ఉంది, విడిగా, సాసరులో. రెండూ పక్కపక్కనే పెట్టుకుని చూస్తూ కూర్చున్నాం.

"ఏమండీ, ఈ ఉప్పు ఆ కూరలో పడాలంటే ఏ టీమ్‌కి చెప్పాలి?" అంది మా ఆవిడ.

"దానికింకా టీమ్ వెయ్యలేదు."

"అయితే ఆ టీమ్ వేసేదాకా అంట్లు కూడా మీ మాడ్యూలే" అని లేచి వెళ్లిపోయింది. కొత్త విషయాలంటే మా ఇంట్లో గౌరవం తక్కువ.

సరే, ఇంతగా పొగుడుతున్నాడు, వీడికేం ముట్టిందో అని మీకు అనుమానం రావచ్చు. రావాలి కూడా. దాచడమెందుకు? మా అమ్మాయి ఆ హెడ్డాఫీసులోనే ఉద్యోగం. ఏడో అంతస్తు. కుడి టీమ్. ఇంకా ప్రొబేషన్‌లో ఉంది.

ఆ ఆఫీసులో ఫిర్యాదుల పద్ధతి కూడా ముక్కలు ముక్కలే. కుడి బూటు మీద వచ్చే ప్రతి ఫిర్యాదూ నేరుగా కుడి టీమ్‌లో అందరికన్నా కొత్తగా చేరినవాళ్ల పేరు మీద పడుతుంది. పడిన కొద్దీ ఉద్యోగం పర్మనెంటు అవడం వెనక్కి జరుగుతుంది. మరీ ఎక్కువైతే ఇంటికి జరుగుతుంది. అందరికన్నా కొత్త ఎవరు? మా అమ్మాయి! కుడి బూటు లేక రోజూ కస్టమర్ల చేత తిట్లు తినేది ఎవరు? నేను! ఫిర్యాదు పెట్టానా, నా చేత్తో నా కూతురి ఉద్యోగానికి నిప్పు పెట్టినట్టే. కనుక గట్టిగా గుర్తుపెట్టుకోండి, మీరు చదువుతున్నది ఫిర్యాదు కాదు. ఇది పొగడ్త. ఎవరైనా అడిగితే అలాగే చెప్పండి.

అమ్మాయి ఆఫీసు దగ్గరే గది తీసుకుని ఉంటోంది. ఆదివారాలు ఇంటికొస్తుంది. వచ్చి, లాప్‌టాప్ తెరిచి, చెవుల్లో ఏవో పెట్టుకుని కూర్చుంటుంది. నేను పక్కగదిలోంచి 'తిన్నావా' అని మెసేజ్ పెడతాను. 'ఊ' అని వస్తుంది. 'అమ్మ పిలుస్తోంది' అని పెడతాను. బొటనవేలు బొమ్మ వస్తుంది. మధ్యలో గోడ, గోడకి కిటికీ లాంటి ఫోను. ఇంటర్‌ఫేస్ అంటే ఏమిటో నాకు అమ్మాయిని చూశాకే అర్థమైంది. చిన్నప్పుడు బడి నుంచి నేరుగా షాపుకొచ్చి, నా పక్కన నేల మీద బాసిపట్లు వేసుకుని బూట్ల లేసులు ముడులేస్తూ ఊపిరి తిప్పుకోకుండా వాగేది. అది పాత డిజైను. చాలా గజిబిజిగా ఉండేది.

ఇప్పుడు గార్డు గారి గురించి చెప్పాలి. రైలు గార్డుగా చేసి రిటైరయ్యారు. మోకాలి కింద నుంచి కుడి కాలు లేదు. చక్కెర జబ్బు తీసుకుపోయింది. చంకకర్రతో నడుస్తారు. నోరు మాత్రం ఇంకా ఎక్స్‌ప్రెస్సే. పాత రోజుల్లో ఆయన జత కొని, కుడి బూటు నా చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరుంచు, కాలు మళ్లీ మొలిస్తే వచ్చి తీసుకుంటా" అనేవారు.

కొత్త పద్ధతి వచ్చాక ఆయన మొహం చూడాలి! ఒక్క ఎడమ బూటు, సగం బిల్లు!

"ఏమయ్యా, మీ కంపెనీ మొత్తాన్ని నా కొలతలు తీసుకునే కట్టారా ఏంటి?" అన్నారు.

హెడ్డాఫీసు నుంచి ఫొటోగ్రాఫరు పరుగెత్తుకొచ్చాడు. గార్డు గారు ఎడమ కాలు ముందుకు పెట్టి నిలబడ్డ ఫొటో మూడో అంతస్తు నిండా పోస్టర్లయింది. 'నూటికి నూరు శాతం తృప్తి చెందిన కస్టమర్!' అబద్ధం ఒక్క ముక్క లేదు. వేల మంది కస్టమర్ల కోసం కట్టిన సిస్టమ్ ఒక్క మనిషికి అతికినట్టు సరిపోయింది. ఇంతకన్నా విజయం ఏం కావాలి?

అలా సుఖంగా ఉండగా ఆయన మళ్లీ వచ్చారు. ప్యాంటు కుడి గొట్టం ఈసారి మడతపెట్టి లేదు. నిండుగా ఉంది.

"పెట్టుడు కాలు వచ్చిందోయ్! కాలు మొలిస్తే వస్తానన్నానా లేదా? తియ్యి కుడి బూటు" అన్నారు, స్టూలు మీద దర్జాగా కూర్చుని.

నేను ఆయన కొత్త కాలి వంకా, బూట్ల అరల వంకా మార్చి మార్చి చూశాను.

"బజ్జీలు అడిగానా? బూటు అడిగాను. ఏంటి ఆ చూపు?" అని, కాస్త గొంతు తగ్గించారు. "చూడు, కాలు బిగించిన డాక్టరు చెప్పాడు. రెండు బూట్ల హీలు ఎత్తు కచ్చితంగా ఒకటే ఉండాలట. తేడా ఉంటే బోర్లా పడతానట. ఆదివారం పొద్దున్నే మా ఆవిడతో వీధి చివరి పార్కు దాకా నడుస్తానని మాటిచ్చాను. కర్ర లేకుండా. ఈ కర్ర వచ్చినప్పట్నుంచీ ఆవిడ పక్కనే నడుస్తుందయ్యా, కానీ పట్టుకోడానికి చెయ్యేదీ? ఒక చెయ్యి కర్రకి పోయింది. రెండో చేతిలో ఆవిడే సంచీ పెడుతుంది."

ఆయన నా దగ్గర ఉంచిన కుడి బూట్లు, ముడులు విప్పిన రోజే కుడి టీమ్ ఖాతాలో జమై ఏడో అంతస్తుకి పోయాయి. అలాగని షాపులో కుడి బూట్లు లేక కాదు. ఎత్తు హీలువి ఉన్నాయి, కాఫీ రంగువి ఉన్నాయి. ఆయన ఎడమ బూటుకి తోడు నడవగలిగేది ఒక్కటీ లేదు. మామూలు మనిషైతే కొంచెం కుంటుతూ అలవాటు పడిపోతాడు. ఈయన పడిపోతారు.

ఫిర్యాదు పెట్టకుండా పని జరిగే దారి వెతికాను. ఎడమ టీమ్‌కి ఫోన్ చేశాను.

"సార్, గార్డు గారికి బూటు సరిపోవడం లేదండీ."

"మా దాంట్లో ఆయన హ్యాపీ అని ఉందే. పోస్టర్ కూడా ఉంది."

"అప్పుడు ఒక కాలండీ. ఇప్పుడు రెండు."

"కొత్త కాలు మా పరిధిలోకి రాదు సార్. మా బూటు మీద ఏమైనా కంప్లయింట్ ఉందా?"

"లేదండీ, మీది బంగారం."

"థాంక్యూ సార్!" అని సంతోషంగా పెట్టేశాడు. నిజంగానే సంతోషంగా పెట్టేశాడు, వెటకారం లేదు. ఆ మంచితనమే నన్ను చంపేసింది.

ఇంటికొచ్చి చతికిలబడ్డాను. సంగతంతా మా ఆవిడకి చెప్పాను. అటు గార్డు గారు, ఇటు అమ్మాయి ఉద్యోగం. ఎటు కదిలినా ఎవరో ఒకరు పడతారు. మా ఆవిడ చెయ్యి తుడుచుకుని, నా చేతిలో ఫోన్ లాక్కుని, సరాసరి ఏడో అంతస్తుకి కొట్టింది.

"ఏమే, ఆ గార్డు గారికి కుడి బూటు కావాలట. నువ్వు కుడి బూట్ల దగ్గరేగా చేసేది? చూడు."

"అమ్మా! అలా డైరెక్టుగా ఫోన్ చెయ్యకూడదు. కంప్లయింట్ టికెట్ పెట్టాలి."

"నిన్ను కనడానికి నేను ఏ టికెట్టూ పెట్టలేదు. చూడు" అని కట్ చేసింది.

ఇది ఎంత ఘోరమైన డిజైను తప్పో మీకు వివరించనక్కర్లేదు. ఇంటర్‌ఫేస్‌ని దాటేసి, మాడ్యూల్ కడుపులోకి చెయ్యి పెట్టి కెలకడం! ఒక తల్లి చెయ్యదగ్గ పనేనా?

శనివారం మధ్యాహ్నం అమ్మాయి షాపుకొచ్చింది. చేతిలో పెద్ద గుడ్డసంచీ. మెడలో కార్డు లేదు, తీసి జేబులో పెట్టుకుంది. సంచీ బోర్లిస్తే నేల మీద కుప్పగా కుడి బూట్లు! శాంపిల్ బీరువాలోంచి తెచ్చిందట. ఎవరికీ చెప్పకుండా.

"ఉద్యోగం సంగతేంటే?" అన్నాను.

"ముందు హీలు చూడు నాన్నా."

గార్డు గారు కొలతకని ఇచ్చిపోయిన పాత ఎడమ బూటు నేను పట్టుకున్నాను, తను ఒక్కో కుడిదీ దాని పక్కన ఆనించి చూస్తోంది. అలా వెతుకుతూ చెప్పింది, పొద్దున ఏం చేసిందో. కుడి బూటు ఒకటి పట్టుకుని, ఏడో అంతస్తు నుంచి మెట్లు దిగి, మూడో అంతస్తులో ఎడమ టీమ్ బల్ల మీద, వాళ్ల ఎడమ బూటు పక్కన పెట్టిందట. లిఫ్టులో పోదామంటే ఏడో అంతస్తు లిఫ్టు మూడో అంతస్తులో ఆగదు.

"అంతా చుట్టూ చేరారు నాన్నా.  ఆ రెండూ ఒకేచోట ఉండటం అక్కడ ఎవరూ చూడలేదు కదా! మాది వేలెడు ఎత్తు ఎక్కువుంది. ఒకడు ఫొటో తీశాడు. ఇంకొకడు 'ఇవి రెండూ ఒకే మనిషికా?' అన్నాడు."

"ఎవడు వాడు?"

"ఎడమ టీమ్ లీడు."

ఇద్దరం నేల మీద పడి నవ్వాం. మేనేజరు గారు ఆడవాళ్ల సెక్షన్ వైపు చూడకుండా చుట్టూ తిరిగి వచ్చి, ఏమైందని అడిగారు. చెప్పలేకపోయాం.

"ముక్కలు చెయ్యడం తప్పు కాదు నాన్నా" అంది నవ్వు ఆగాక, కళ్లు తుడుచుకుంటూ. "ముసలాయన్ని మళ్లీ తెస్తే మీ మేనేజరు గారు మళ్లీ శాండిల్ అయిపోతారు. లేసు విడిగా మార్చుకోవచ్చు, అడుగు విడిగా మార్చుకోవచ్చు, అది మంచిదే. కానీ మేం పాదాన్ని చూసి కోశాం. నడిచే మనిషిని చూసి కోస్తే ఇలా ఉండేది కాదు."

"ఆ మాట మార్కరు బాబుకి చెప్పవే!"

"నాది కుడి టీమ్ నాన్నా. మనుషులు నా పరిధిలోకి రారు."

ఆ కుప్పలో అడుగునెక్కడో, టీములు విడిపోక ముందు చేసిన కుడి బూటు ఒకటి దొరికింది. నలుపు. మొన గుండ్రం. హీలు గార్డు గారి పాత ఎడమ బూటుకి వెంట్రుక తేడా లేకుండా వచ్చింది. అమ్మాయి ఏమీ ఆలోచించకుండా రెండు లేసులూ పట్టుకుని గబుక్కున ముడేసింది. సాదా ముడి, దాని మీద సగం ఉచ్చు. వేళ్లు ఇంకా మర్చిపోలేదు. నేను చూడనట్టు డబ్బాలు సర్దాను.

ఆదివారం పొద్దున్నే షాపు తెరిచాం. గార్డు గారు స్టూలు మీద, ఎడమ కాలి దగ్గర నేను, కుడి కాలి దగ్గర అమ్మాయి. ఇద్దరం ఒకేసారి లేసులు బిగించాం. ఆయన లేచారు. ఊగారు. నిలబడ్డారు. గీతల అద్దంలో రెండు పాదాలూ చెరో డబ్బాలో బుద్ధిగా ఉన్నాయి. ఆయన ఒక అడుగు వేసేసరికి రెండూ డబ్బాలు దాటేశాయి.

బయట పేవ్‌మెంటు మీద వాళ్లావిడ నిలబడి ఉంది. ఆయన తలుపు దాకా నడిచి, చంకకర్ర నా చేతికిచ్చారు.

"ఇది వేరే మాడ్యూల్. నీ దగ్గరుంచు."

ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "ఏంటండీ, నలుగురూ చూస్తున్నారు" అంది ఆవిడ. చెయ్యి మాత్రం తీసుకోలేదు. "చూడనీ, సిగ్నల్ పడింది" అని నోటితోనే ఒక విజిల్ వేసి బయల్దేరారు.

ఇక్కడితో ముగిస్తే ఇది ప్రగతికి వ్యతిరేకంగా రాసినట్టవుతుంది. నేను అలాంటివాణ్ని కాదు. తర్వాత ఏమైందో వినండి!

ఆ ఫొటో మార్కరు బాబు దాకా చేరింది. రెండు బూట్లు పక్కపక్కన! ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గోడ వెతుక్కుని కొత్త డబ్బా ఒకటి గీశాడట. ఆ తర్వాత కంపెనీ మొత్తానికీ ప్రకటన వచ్చింది. ఎంతో పరిశోధన మీదట మన కంపెనీ 'జత' అనే భావనని కనిపెట్టింది! ఐదో అంతస్తులో దానికి కొత్త టీమ్! ఎడమనీ కుడినీ కలిపే అత్యాధునిక పద్ధతి కూడా సిద్ధమైంది. రెండు లేసులు తీసుకుని, ఒకదానితో ఒకటి ముడెయ్యాలి. షాపు సిబ్బంది అందరికీ తప్పనిసరి శిక్షణ. చివర్లో పరీక్ష.

శిక్షణ ఇచ్చేది మా అమ్మాయి. రెండు బూట్లనీ ఒకేసారి చూసిన అనుభవం కంపెనీలో ఆమెకొక్కదానికే ఉందట. ఇది నియమాలు దాటినందుకు శిక్షో, తెలివికి ప్రమోషనో ఇంకా తేలలేదు. శిక్షలూ ప్రమోషన్లూ వేర్వేరు టీములు చూస్తాయి.

కాబట్టి నేను మొదట్లో అన్న మాట మీదే ఉన్నాను. చిన్న ముక్కల సూత్రం ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్‌కైనా పనికొస్తుంది! ఎవరి పని వాళ్లు ఇంత చక్కగా చేసుకుపోతున్న లోకంలో ఒకే ఒక్క పనికి మనిషి దొరకడం లేదు. అందరి పనులూ అయ్యాక, 'ఇంతకీ ఆ మనిషి నడిచాడా?' అని అడిగే పని. దానికో మాడ్యూల్ వేస్తారేమో అని భయంగా ఉంది. వేస్తే అదీ ఆకుపచ్చ దీపమే చూపిస్తుంది.

శిక్షణ సంగతి అడగరేం? మా షాపులోనే జరిగింది. అమ్మాయి మెడలో కార్డు వేసుకుని, నేల మీద బాసిపట్లు వేసుకుని, "నాన్నా, ముందు ఇలా, తర్వాత దీని మీద ఇలా" అని చూపించింది. నేను నోరు తెరుచుకుని విన్నాను. మధ్యలో సీనియర్ సేల్స్‌మన్ ఒకాయన, "అమ్మాయ్, ఇది మీ నాన్నే కదా మాకు నేర్పింది?" అనబోతే కాలు తొక్కాను.

పరీక్షలో నేను ఫెయిలయ్యాను. షాపంతా పాసైంది, నేనొక్కణ్నే ఫెయిల్. నా ముడి ఎలా వేసినా జారిపోయింది. బళ్లో ఫెయిలైన రోజున ఇంటికెళ్లడానికి భయపడ్డాను కానీ, ఇంత సంతోషమని తెలిసుంటే చదువు మానేవాణ్ని కాదు. ఎందుకంటారా? ఫెయిలైనవాళ్ల పక్కన ట్రైనర్ వారం పాటు రోజూ మధ్యాహ్నం కూర్చుని నేర్పాలని రూలు. లాప్‌టాప్ తీసుకురాకూడదట. రెండు చేతులూ ఖాళీగా ఉండాలట.

ఆ వారంలో అమ్మాయి ఏమేం చెప్పిందో ఇక్కడ రాయను. ఊపిరి తిప్పుకోకుండా వాగింది, అంతే.

నిన్న మళ్లీ పరీక్ష పెట్టారు. లేసులు పట్టుకున్నాను. అమ్మాయి నా వేళ్ల వంక చూసి, గొంతు తగ్గించి, "నాన్నా, ఈసారి కూడా జారిపోతుందా?" అంది.

"నువ్వెలా అంటే అలా తల్లీ."

అమ్మాయి బాసిపట్టు సర్దుకుని కూర్చుని, చేతిలో ట్యాబు మీద మొహం గంభీరంగా పెట్టి టైపు చేసింది. నేను మెడ సాచి చూశాను.

'అభ్యర్థికి ఇంకా చాలా శిక్షణ అవసరం.'